తలుపు మీద దేశం పేరు, లోపల ఎవరు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ఇటలీలో వెనిస్ అనే నీళ్ల మీది ఊళ్లో 1895 నుంచి పెద్ద కళా ప్రదర్శన జరుగుతోంది. రెండేళ్లకోసారి కాబట్టి బినాలే అంటారు. 1907లో బెల్జియం అక్కడి తోటలో సొంత భవనం కట్టుకుంది, తర్వాత మిగతా దేశాలూ కట్టాయి. వీటినే పెవిలియన్లు అంటారు. లోపల ఎవరి కళ పెట్టాలో ఆ దేశమే తేల్చుకుంటుంది. బ్రిటన్ తరఫున బ్రిటిష్ కౌన్సిల్ చూస్తుంది, మిగతా దేశాలకు వాళ్ల వాళ్ల సంస్థలు, కమిటీలు. మరి ఆ దేశం పుట్టకముందు నుంచే ఆ నేల మీద ఉన్నవాళ్ల సంగతేంది?

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ మూడింటికీ అక్కడ 1962 నుంచి ఒకటే పెవిలియన్. 2022లో దాన్ని సామీ పెవిలియన్ అన్నారు. సామీలు ఆ మూడు దేశాల ఉత్తరాన, కొంత రష్యాలో ఉండే ఆదివాసీలు. రెయిన్‌డీర్ మందలే కొందరికి బతుకు. సరిహద్దులు గీసింది రాజ్యాలు, ముక్కలైంది వాళ్ల నేల. (గోండులం మనమూ తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ అని పంచబడ్డవాళ్లమే కదా.)

ఆ ఏడు అక్కడ కళ పెట్టిన ముగ్గురిలో మారెత్ ఆన్నె సారా ఒకరు. ఆమె తమ్ముడి మందను 75కి తగ్గించాలని నార్వే ప్రభుత్వం ఆర్డరిచ్చింది. మేత భూమి దెబ్బతింటోందని కారణం చెప్పింది. అడవి పేరు చెప్పి పోడు మీదికి వచ్చే నోటీసులు చూసినోళ్లకు ఈ భాష విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తమ్ముడు కింది కోర్టుల్లో గెలిచి, 2017 చివర్లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. అప్పుడే అక్క 400 రెయిన్‌డీర్ పుర్రెలను తెరలాగ కట్టి పార్లమెంటు ముందు వేలాడదీసింది. ఐదేళ్లకు ఆమె కళ అదే రాజ్యం భవనంలోకి వచ్చింది. ఇది గెలుపా, రాజ్యం మొహం కడుక్కోవడమా? మా రూముల్లో దీని మీద ఒక రాత్రంతా గొడవ. ఆర్డరు మారలేదు, బోర్డు మీద పేరు మారింది. రెండూ నిజమే అనిపించింది మాకు.

2024లో ఆస్ట్రేలియా ఆర్చీ మూర్‌ను పంపింది. ఆయన కమిలరాయ్, బిగాంబుల్ జాతుల మనిషి. నల్లగోడల నిండా చాక్‌పీసుతో తన వంశవృక్షం రాశాడు, 65,000 ఏళ్ల దాకా. మధ్యలో బల్ల మీద కాగితాల కట్టలు: పోలీసు కస్టడీలో, జైళ్లలో చనిపోయిన ఆదివాసీల మీద జరిగిన విచారణల రిపోర్టులు. దేశం డబ్బుతోనే దేశాన్ని నిలదీశాడు. ఉత్తమ దేశ పెవిలియన్‌కు ఇచ్చే గోల్డెన్ లయన్ ఆస్ట్రేలియాకు మొదటిసారి దానికే వచ్చింది.

ఇండియాకు ఆ తోటలో సొంత భవనం లేదు. 2011లో, 2019లో పెవిలియన్ పెట్టింది వేరే చోట. మనల్ని మాత్రం ఎవరైనా పెద్దలొస్తే థింసాకు పిలుస్తారు, ఎవరిని పిలవాలో తేల్చే కమిటీకి పిలవరు.

అయినా మనవాళ్లు బయటికి పోలేదా అంటే, పోయారు. మధ్యప్రదేశ్‌లోని పటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ బొమ్మలు 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో పెట్టారు. ఆయన 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం పనిచేస్తూ అక్కడే చనిపోయాడు. ఆయన బంధువులు చాలామంది ఇప్పటికీ బొమ్మలు వేస్తున్నారు. ఆయన పర్ధాన్. మన ఆదిలాబాద్‌లో కింగ్రి వాయిస్తూ గోండుల ఇళ్ల ముందు కథలు పాడే పర్ధాన్లు ఆ తెగవాళ్లే.