అమ్మ చదివిన కోట

విజయనగరం కోట గురించి ఎవరు చెప్పినా ముందు ఐదు విజయాల లెక్క చెప్తారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి పండుగ, జయవారం అని పిలుచుకునే మంగళవారం, విజయరామరాజు పేరు, ఆ పేరు మీద విజయనగరం. 1713లో పునాది వేశారు. అరవై ఏళ్ళకోసారి వచ్చే ఆ విజయ సంవత్సరం ఐదుసార్లు తిరిగి 2013లో మళ్ళీ వచ్చింది. ఇంట్లో కూర్చుని నేనే లెక్క వేసి చూసుకున్నాను, సరిపోయింది.

మా అమ్మ ఆ కోటలో రెండేళ్ళు చదువుకుంది. 1958లో పి.వి.జి. రాజు గారు మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను చదువులకి ఇచ్చేశాక, రాజులు తిరిగిన చోట ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకు తిరిగారు. అమ్మ డిగ్రీ మధ్యలో మానేసింది. "మీ అమ్మకి చదువంటే బద్ధకం" అని నాన్న నవ్వుతూ అనేవారు, మేమూ నవ్వేవాళ్ళం. మొన్న మా అమ్మాయి చదువు గురించి ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు నేను నోరు జారాను. "నీకేం తెలుసమ్మా, నువ్వు డిగ్రీ కూడా పూర్తి చెయ్యలేదు" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. రెండు రోజులాగి, "నన్నోసారి కోటకి తీసుకెళ్తావా" అంది.

ఆదివారం పొద్దున్నే విశాఖలో ట్రైనెక్కాం. కోరుకొండ స్టేషన్ రాగానే "ఇక్కడి మేడ కూడా రాజులదే. 1962లో సైనిక్ స్కూల్ పెట్టారు" అంది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

కోట తూర్పు ద్వారం దగ్గర, నగారాఖానా కింద, అమ్మ మోకాలు పట్టుకుని నిలబడిపోయింది. ఇరవయ్యారు ఎకరాల కోట, నాలుగు మూలలా బురుజులు, ముప్ఫై అడుగుల రాతి గోడలు. నేను ఫోన్‌లో ఫొటోలు తీస్తుంటే అమ్మ మొదలెట్టింది. 1757 జనవరి 24, బొబ్బిలి యుద్ధం. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులతో వచ్చాడు. ఓటమి తప్పదని తెలిశాక, శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపేశారు. మనం సినిమాలో చూసి కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ కథకే. మూడు రోజులు తిరక్కుండానే తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని ఆయన డేరాలోనే పొడిచి చంపాడు. అన్న చనిపోయాడని తెలిసి పైడిమాంబ పెద్దచెరువులో కలిసిపోయిందని చెప్తారు. ఆవిడే మన పైడితల్లి అమ్మవారు, సిరిమాను పండుగ ఆవిడదే.

"ఆ యుద్ధం వద్దని అన్నకి ముందే చెప్పిందట. ఎవరు విన్నారు?" అంది అమ్మ.

ఆ తర్వాత పద్మనాభ యుద్ధం, 1794 జులై 10. కంపెనీ సైన్యం చేతిలో చిన విజయరామరాజు చనిపోయాడు. సంస్థానాన్ని కోసి, మిగిలింది కొడుక్కి అప్పజెప్పారు. ఇదంతా అమ్మ తేదీలతో సహా గబగబా చెప్పేసింది. ఆగింది మాత్రం ఆనందగజపతి దగ్గర.

ఆయన విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని చేసిన బ్రాహ్మణ పెళ్ళిళ్ళ జాబితా రాయించాడు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు తేలాయి. ఐదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు. ఆ లెక్కని గురజాడ 'కన్యాశుల్కం' ముందుమాటలో పెట్టాడు, 1897లో ఆ నాటకాన్ని ఆనందగజపతికే అంకితమిచ్చాడు. పునాదికి ఐదు విజయాలు లెక్కపెట్టిన వంశంలో ఈ లెక్క రాయించిన రాజే నాకు గొప్పగా కనిపిస్తాడు. మ్యూజియంలో కత్తుల పక్కన ఆ జాబితా ఉంటే టికెట్ కొనుక్కుని మరీ చూస్తాను.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?"

"బి.ఏ. హిస్టరీ" అంది, ఎటో చూస్తూ.

సెలవు రోజు, గదులకి తాళాలు. చెట్టు నీడలో రాతి అరుగు మీద కూర్చున్నాం. అమ్మ ఒక కిటికీ చూపించింది, అక్కడ నుంచి రెండో బెంచీ తనదట. రెండో ఏడు పరీక్షలకి హాల్ టికెట్ వచ్చిన వారంలోనే పెళ్ళివారు వచ్చారట. ముహూర్తం పరీక్షల మధ్యలో పడింది. "పేపరుదేవుందే, మళ్ళీ రాసుకోవచ్చు" అన్నారట తాతగారు. అత్తారింట్లో ఆ మాట ఎత్తడానికి ఏడాది పట్టింది, అప్పటికి నేను కడుపులో ఉన్నాను.

"మరి నాన్న బద్ధకం అంటుంటే ఎప్పుడూ ఏమీ అనలేదేం?"

"ఏటంటాను? మీరంతా నవ్వుతున్నారు కదా."

నాకు ఆ అరుగు మీద మాట రాలేదు. సారీ అందామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ "నీళ్ళు తాగుతావా" అన్నాను. తాగింది.

మూడు లాంతర్ల దగ్గర పైడితల్లికి దణ్ణం పెట్టుకుని, గాజులు కొనుక్కుని, సాయంత్రం ట్రైనెక్కాం. అమ్మ వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పెడుతోంది.

"నువ్వు రాయలేకపోయిన పేపర్లో ఏమేం వచ్చేవమ్మా?" అని అడిగాను.

కొత్తవలస దాటేదాకా చెప్తూనే ఉంది.