పురానాపూల్: ప్రేమకథ చెప్పని లెక్క

పోయిన చలికాలంలో ఒక ఆదివారం ఉదయం, హైదరాబాదు పాత కట్టడాలు చూపించే ఒక గుంపుతో కలిసి పురానాపూల్‌కి వెళ్ళాను. ఇరవై మందిమి ఉంటాం. ఎక్కువమంది ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు. గైడు కుర్రాడు మంచి మాటకారి. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ, మూసీకి అవతల చిచ్లం గ్రామంలో ఉన్న భాగమతిని చూడ్డానికి వరదలోకి గుర్రాన్ని దూకించాడట. కొడుకు ఏమైపోతాడో అన్న బెంగతో తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా ఈ వంతెన కట్టించాడట. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి ఎత్తాను. ముప్పై ఏడేళ్ళు రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసినవాడికి అది పోని జబ్బు.

"బాబూ, వంతెన ఏ సంవత్సరం?"

"1578 అంకుల్."

"యువరాజు పుట్టింది?"

ఫోన్ తీసి చూసుకున్నాడు. 1565. అంటే ప్రేమికుడికి పదమూడేళ్ళు. ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. "అప్పట్లో చిన్నప్పుడే పెళ్ళిళ్ళు అయ్యేవి కదా అంకుల్" అన్నాడు కుర్రాడు. అతని తప్పేమీ లేదు. ఆ కథే అతనికి అన్నం పెడుతోంది.

భాగమతి అసలు ఉందా లేదా అన్న తగాదాలో నేను దూరను. హరూన్ ఖాన్ షేర్వానీ లాంటి చరిత్రకారుడు లేదన్నాడు. అక్బరు ఆస్థాన కవి ఫైజీ రాతల్లో ఆమె ప్రస్తావన ఉందని ఇంకొందరు చూపిస్తారు. ఉంటే ఉండొచ్చు. ఈ వంతెనకి మాత్రం ఆమెతో పనిలేదు. అది కట్టిన నాటికి చార్మినారూ లేదు, హైదరాబాదూ లేదు. అవి 1591 నాటివి. కట్టించినవాడు మాత్రం మనకి బాగా తెలిసినవాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు, తెలుగు కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు. హుస్సేన్‌సాగర్ తవ్వించింది కూడా ఆయన కాలంలోనే. చెరువు తవ్వించిన ప్రభుత్వం వంతెన కట్టిందంటే దానికి ప్రేమ అవసరమా? కోటలో వజ్రాల వ్యాపారం ఉంది. కోటకీ ఏటికీ మధ్య కార్వాన్ ఉంది, దాని పేరే బిడారుల పేరు. మచిలీపట్నం దాకా సరుకు పోవాలి. వానాకాలం ఏరు దాటలేకపోతే సుంకం ఆగిపోతుంది. ఖజానా చూసేవాడికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. అలహాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసినప్పుడు జౌన్‌పూర్ వెళ్ళి గోమతి మీద షాహీ పుల్ చూశాను. అక్బరు గవర్నరు మునిమ్ ఖాన్ 1560లలో కట్టించాడు. అక్కడా ఒక కథ ఉంది. ఏరు దాటలేక ఒడ్డున ఏడుస్తున్న ఒక పేద ఆడమనిషిని చూసి అక్బరు కరిగిపోయాడట. మన దేశంలో పాత వంతెన పక్కన ఒక ప్రేమికుడైనా ఉండాలి, ఒక ఆడమనిషి కన్నీళ్ళైనా ఉండాలి. మేస్త్రీ ఉండడు. ఆ తరవాత దాన్ని బాగుచేసినవాడు అసలే ఉండడు. 1934 బీహారు భూకంపంలో షాహీ పుల్ కమానులు ఏడు దెబ్బతిన్నాయి. వాటిని మళ్ళీ కట్టారు కాబట్టే అది నిలిచింది. పురానాపూల్ 1820 వరదలో దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగుచేయించాడు. ఈ రెండు మరమ్మతుల గురించి ఏ గైడూ కథ చెప్పగా నేను వినలేదు.

1908 సెప్టెంబరు 28 వరదలో అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన పోయాయి. ఊరి రెండు ముక్కల్నీ కలిపి ఉంచింది పురానాపూల్ ఒక్కటే. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీకి చీరె, పసుపు కుంకుమలు సమర్పించాడనీ, దాంతో నది శాంతించిందనీ ఊళ్ళో ఈనాటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించిన సంగతి అంత తరచుగా వినపడదు. ఎంత వాన పడింది, ఎంత నీరు వచ్చింది అని ఆయన లెక్కలు తీసి, ఎగువన జలాశయాలు కట్టమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. చీరెతో శాంతించే నది అయితే రెండు ఆనకట్టల ఖర్చు దేనికి?

సరే, కథలు ఎవరికేం చేటు చేస్తాయి అంటారా? చెప్తాను.

ఎడ్లబండ్ల కోసం కట్టిన వంతెన మీద మనం బస్సులు తిప్పాం. తారు మీద తారు పోశాం. తరవాత పక్కన కొత్త వంతెన కట్టి వాహనాలని దాని మీదికి మళ్ళించి, పాతదాన్ని మనుషులకీ కూరగాయల బజారుకీ వదిలేశాం. ఆ మళ్ళింపు మంచిదే. పాత వంతెనని బతికించే పద్ధతుల్లో అన్నిటికన్నా తెలివైనది అదే. కాని అప్పుడు అందరి నోటా ఒక మాట వస్తుంది: "వాహనాలు ఆపేశాం, ఇక మనుషులేగా, భయం లేదు." ఇది కూడా ఒక మూఢనమ్మకమే. చదరపు మీటరులో ఆరుగురు మనుషులు కిక్కిరిస్తే సుమారు 400 కిలోలు. మన రోడ్డు ఇంజినీర్లు జనం బరువుకి వాడే అంకె కూడా దాదాపు అదే. తిరునాళ్ళు జరిగేచోట 500 పట్టుకోమంటారు. మామూలు కారు టన్ను బరువు ఉండి ఏడు చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. మీటరుకి పడేది 150 కిలోల లోపే. అంటే కార్లు వరసగా ఆగి ఉన్న వంతెన కన్నా జనంతో నిండిన వంతెన బరువెక్కువ మోస్తుంది. సరుకు నింపిన లారీ సంగతి వేరు, అది మనుషుల్ని మించుతుంది. పురానాపూల్ 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. పూర్తిగా జనంతో నింపితే 780 టన్నులు.

రాతి కమానుకి ఇది పెద్ద లెక్క కాదు, దాని సొంత బరువు అంతకు ఎన్నో రెట్లు. దాని శత్రువు నీళ్ళు. పైనుంచి ఇంకి సున్నాన్ని కరిగించే నీళ్ళు, కింద పునాదిని కోసే నీళ్ళు, ఆ తడికి సందుల్లో మొలిచే రావిమొక్కలు. (రావిమొక్క పీకమంటే కూలివాడు వెనకాడతాడు. దేవతావృక్షం కదా.) సున్నపు కట్టడానికి పైపైన సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి రాయి పాడవుతుంది. అయినా పూస్తారు, ఎందుకంటే ఫోటోలో బాగుంటుంది.

తీగల వంతెనకి జనమే ప్రాణసంకటం. గుజరాత్‌లో మోర్బీ వేలాడే వంతెన 1879 నాటిది, నడిచేవాళ్ళ కోసమే కట్టింది. ఏడు నెలలు మూసి మరమ్మతు చేసి 2022 అక్టోబరు 26న తెరిచారు. 30న తెగిపడింది. 135 మంది చనిపోయారు, అందులో ఎంతోమంది పిల్లలు. చెక్క పలకలు తీసి అల్యూమినియం పరిచారు గాని పాత తీగలని మార్చలేదు. దర్యాప్తు బృందం చూస్తే ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 తుప్పు పట్టి ఉన్నాయి. ఆ రోజు టిక్కెట్లు మూడు వేలకి పైగా అమ్మారు. టిక్కెట్ల లెక్క ఉంది, పోగుల లెక్క లేదు. కోర్టులో కంపెనీ మేనేజరు ఒకాయన ఇది భగవంతుడి ఇచ్ఛ అన్నాడు. 2016లో కలకత్తాలో కడుతూ ఉన్న ఫ్లైఓవర్ కూలి పాతికమందికి పైగా పోయినప్పుడు కూడా, కడుతున్న మన హైదరాబాదు కంపెనీ ప్రతినిధి దేవుడి మీదే తోశాడు.

బి.కాం.లో మాకు వాణిజ్య చట్టం పాఠంలో ఈ 'దేవుడి చర్య' అన్న మాట ఉండేది. నికొల్స్ వర్సెస్ మార్స్‌లాండ్, ఇంగ్లండులో 1876లో తేలిన కేసు. ఒక ఎస్టేటులో అలంకారానికి కట్టుకున్న చెరువులు ఎన్నడూ ఎరగని వానకి తెగి, దిగువన నాలుగు వంతెనలని కొట్టుకుపోయాయి. ఆ వానని ఎవరూ ముందుగా ఊహించలేరు కాబట్టి యజమాని బాధ్యుడు కాడన్నారు. గమనించండి, చట్టంలోని దేవుడు చాలా చిన్నవాడు. మనిషి ముందుచూపు పూర్తిగా అయిపోయినచోట మాత్రమే ఆయనకి చోటు. తుప్పు ముందుచూపుకి అందనిదా?

ఇంత మాట్లాడే నేను ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన ఆరేడేళ్ళకి, ఒక కంటోన్మెంటులో పాత కాలిబాట వంతెన మరమ్మతు బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. సైనిక వాహనాలు పోయే వంతెనల దగ్గర పసుపు గుండ్రటి పలక మీద నల్ల అంకె ఉంటుంది, ఎంత బరువు తరగతి వాహనం పోవచ్చో చెప్పడానికి. దీనికి అలాంటిదేదీ లేదు, మనుషులేగా! మెజర్‌మెంట్ బుక్కులో రంగు ఉంది, కటకటాలు ఉన్నాయి, పేరు పలక కూడా ఉంది. పునాది చూసినట్టు, ఇనుము పరీక్షించినట్టు ఒక్క పద్దు లేదు. అది నా కంటపడింది. అడిగితే పై అధికారి "వాళ్ళు చెయ్యని పనికి డబ్బు అడగలేదు కదయ్యా, నీకేంటి అభ్యంతరం?" అన్నాడు. ఆడిట్ ప్రకారం ఆయన మాట రైటే. కూడికలు సరిపోయాయి. పాస్ చేశాను. ఆ వంతెనకి ఏమీ కాలేదు, కాని అందులో నా గొప్ప ఏమీ లేదు. మోర్బీ వార్త చదివిన రాత్రి ఆ బిల్లు మీద నా సంతకం గుర్తుకొచ్చింది.

గుంపు ఫోటోలు దిగి టిఫినుకి వెళ్ళిపోయాక నేను వంతెన మీదే ఉండిపోయాను. కూరగాయలమ్మే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని, వానొస్తే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయమ్మా అని అడిగాను. లేవకుండానే వేలితో మూడుచోట్ల చూపించింది.

"ఎవరైనా కిందికి దిగి ఎప్పుడైనా చూశారా?"

"పైన ఫోటోలు తీస్తరు సారూ, రోజూ తీస్తరు. కిందికి దిగంగ నేనైతే చూడలే."

అరకిలో బెండకాయలు అడిగాను. తక్కెడ ముల్లు నిలబడేదాకా ఇంకో రెండు కాయలు వేసి, సంచిలో పోసింది.