తిరగబడితే ఏ గడిలో రాస్తారు?

'పిచ్చి' అన్న మాట మన ఇళ్లలో ఎంత సులువుగా దొర్లుతుందో అందరికీ తెలుసు. ప్రేమకీ పిచ్చే, కోపానికీ పిచ్చే. అదే మాట ముద్రగా ఆడదాని మీద పడితే మాత్రం ఇల్లూ, పిల్లలూ, ఆస్తీ పోతాయి. ఒక్కోసారి ఒంట్లోంచి గర్భసంచి కూడా పోతుంది. అందుకే మనస్తత్వ శాస్త్రం దేన్ని అసాధారణ ప్రవర్తన అంటుందో మనం తెలుసుకుని తీరాలి.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా నాలుగు కొలతలు చెబుతాయి. ఎక్కువమందికి భిన్నంగా ఉండటం, సమాజం గీసిన గీత దాటటం, రోజువారీ పనులు చేసుకోలేకపోవటం, తనకో ఇతరులకో బాధ కలగటం. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదని ఆ పుస్తకాలే ఒప్పుకుంటాయి. నాకు అనుమానమంతా రెండోదాని దగ్గరా, నాలుగోదాని దగ్గరా. గీత ఎవరు గీశారు? బాధ ఎవరిది? మా బంధువుల్లో ఒకావిడ ఇక కాపురానికి వెళ్లనని భీష్మించుకుంది. బాధపడింది ఇంటిల్లిపాదీ, 'మనిషి సరిగా లేదు' అన్న ముద్ర మాత్రం ఆమెకి. ఎందుకు వెళ్లనంటోందో ఎవరూ అడగలేదు.

మొదటి కొలత లెక్కల్లోంచి వచ్చింది. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు, బడిలో ప్రత్యేక సాయం కావలసిన పిల్లల్ని గుర్తించటానికి ఒక పరీక్ష తయారుచేశారు. ఆ తెలివి పరీక్షలు అమెరికా చేరేసరికి మనుషుల్ని ఏరివేసే సాధనమయ్యాయి. 1927లో అక్కడి సుప్రీం కోర్టు, వర్జీనియాకి చెందిన క్యారీ బక్ అనే యువతికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయటం సబబేనంది. పెళ్లికాకుండా తల్లి కావటాన్ని కూడా ఆమె తెలివితక్కువతనానికి గుర్తుగా చూశారు. ఆ గర్భం అత్యాచారం వల్ల వచ్చిందని తర్వాత ఆమే చెప్పింది.

మన దేశంలో 1912 నాటి లూనసీ చట్టం బుద్ధి ఎదగనివాళ్లనీ, మతి చలించినవాళ్లనీ ఒకే మాట కింద కట్టేసింది. 1987 నాటి మెంటల్ హెల్త్ చట్టం ఆ రెంటినీ విడదీసింది. ఒకటి జబ్బు, దానికి వైద్యం కావాలి. రెండోది ఎదుగుదలలో తేడా, దానికి శిక్షణా, తోడూ కావాలి. ఆ చట్టానికి మూడేళ్ల ముందు, 1984లో, సికిందరాబాద్ బోయినపల్లిలో కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మెంటల్లీ హ్యాండికాప్డ్ నెలకొల్పింది. ఇప్పుడా సంస్థ పేరులో 'హ్యాండికాప్డ్' పోయి 'ఎంపవర్‌మెంట్' చేరింది.

అక్కడి నుంచి 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ తెచ్చిన బేసిక్-ఎంఆర్ అనే కొలబద్దని చూడండి. మొదటి భాగంలో తినటం, మాట్లాడటం, లెక్కపెట్టటం, ఇంటిపని లాంటి 280 నైపుణ్యాలు. రెండో భాగంలో 75 సమస్యా ప్రవర్తనలు, పది గుంపులుగా. ఎప్పుడూ లేకపోతే 0, అప్పుడప్పుడయితే 1, తరచూ అయితే 2. బిడ్డ ఏం చేయగలదో ముందు అడిగి, సమస్యల్ని తర్వాత లెక్కపెట్టటం నాకు నచ్చింది. ఐక్యూ అనే ఒంటి అంకె కంటే ఇది ఎంతో మానవీయం. కానీ ఆ పది గుంపుల్లో తనని తాను గాయపరచుకోవటం పక్కనే 'తిరుగుబాటు ప్రవర్తన' కూడా ఒక గుంపు.

మాటలు సరిగా రాని పదిహేనేళ్ల పిల్ల, ఫలానా మనిషి చేత స్నానం చేయించుకోనని పెనుగులాడిందనుకోండి. అది 1 అవుతుందా, 2 అవుతుందా? ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో గమనించమని ప్రవర్తనా పద్ధతి కూడా చెబుతుంది. ఆ ఓపిక లేనిచోట ఫైల్లో అంకె ఒక్కటే మిగులుతుంది.

దీని పర్యవసానం ఎంతదాకా పోతుందో 1994లో చూశాం. మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలో ఉన్న అమ్మాయిలకి పుణె ససూన్ ఆస్పత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్లకి చేతకాదన్నది చెప్పిన కారణం. స్త్రీల సంఘాలు గొడవ చేశాయి. ఓపికగా నేర్పవలసిన పనికి కత్తి పట్టుకున్నారు.

నిర్వచనం రక్షించిన సందర్భమూ ఉంది. 2009లో సుచితా శ్రీవాస్తవ పిటిషన్ మీద సుప్రీం కోర్టు తీర్పు అది. చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయంలో ఉంటూ అత్యాచారానికి గురై గర్భవతయిన ఒక యువతి బిడ్డని కంటానంది. ఆమెకి ఉన్నది కొద్దిపాటి బుద్ధిమాంద్యం. గర్భస్రావ చట్టంలో 'మానసిక రోగి' నిర్వచనంలోకి బుద్ధిమాంద్యం రాదు, కాబట్టి ఆమె ఇష్టం లేకుండా గర్భం తీయకూడదని కోర్టు తేల్చింది. చట్టంలో రెండు మాటల్ని విడదీసి రాసినందువల్ల ఆమె 'వద్దు'కి విలువ దొరికింది. సమాజపు విలువలకి తలవంచకపోవటాన్ని జబ్బుకి ఆధారంగా తీసుకోకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా రాసింది.

'అసాధారణం' అన్న మాటే వద్దనేవాళ్లతో నేను ఏకీభవించలేను. సర్టిఫికెట్ లేకపోతే పింఛను రాదు. తల గోడకి బాదుకునే బిడ్డని రాత్రంతా పట్టుకు కూర్చునే తల్లికి సిద్ధాంతం సాయపడదు, శిక్షణ పొందిన మనిషి సాయపడుతుంది. ఇలాంటి పిల్లల గురించిన ప్రశ్నలకి చాలాసార్లు జవాబు చెప్పేది కూడా ఆ తల్లే. ఆమె అలసట ఏ గడిలోనూ ఉండదు. కొలబద్దలు ఉండనివ్వండి. 'తిరుగుబాటు' ఎదురుగా 2 వేసే ముందు, ఆ పిల్ల దేనికి ఎదురుతిరుగుతోందో ఒక వాక్యం రాయమని మనం అడగాలి. ఆ జవాబు పిల్ల దగ్గరే వెతకమని కూడా అడగాలి, మాటతో కాకపోతే సైగతో.