ఆయిలింజను గ్యాస్కెట్టు: మెకానిక్కును పిలువవలెనా?

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. నైరుతి ఋతుపవనం తన నీటిని చాలవరకు కనుమలకు ఆవలనే వదలివేస్తుంది. ఈశాన్య ఋతుపవనం తీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి సన్నగిల్లిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. మడి తడవాలంటే బావి ఒక్కటే దిక్కు.

ఆ బావి నీటిని తరతరాలుగా ఎద్దులు లాగే కపిల పైకి తెచ్చినది. కపిలలో ఏది చెడినా కంటికి కనబడుతుంది. తిత్తి చినిగితే కుట్టేవాడు, గిలక విరిగితే వడ్రంగి, ఇరుసు అరిగితే కమ్మరి. వీరందరూ ఊళ్ళోనో, ప్రక్క ఊళ్ళోనో ఉండేవారు. ఎవరిని పిలవాలి అనే ప్రశ్నే లేదు. ఆ ప్రశ్న బావిగట్టుకు ఆయిలింజనుతో పాటు వచ్చినది.

అనంతపురం అప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లా. 20వ శతాబ్ది తొలి దశకంలో ఆ రాజధానిలో నూనె ఇంజన్లతో బావుల నీరు తోడించుటకు పూనుకొన్నవాడు ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్. ఆయన మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడు. అల్యూమినియం పాత్రలకు, క్రోము తోళ్ళకు ఇక్కడ దారి వేసినవాడు కూడా ఆయనే. పరిశ్రమలు నడపడం ప్రభుత్వం పని కాదని భారత కార్యదర్శి మోర్లే 1910లో అడ్డు చెప్పినాడు. ఛాటర్టన్ 1912లో మైసూరు సంస్థానానికి వెళ్ళిపోయినాడు. అయినా పొలాల్లో ఇంజను చప్పుడు ఆగలేదు.

ఆనాటి ఇంజన్లలో ప్రసిద్ధమైనది హార్న్స్‌బీ-ఆక్రాయిడ్. ఇంగ్లండులో 1892 నుండి అమ్మకానికి వచ్చినది. దీని తలకు ఒక ఇనుప బుడ్డి ఉంటుంది. దానిని ముందు దీపంతో ఎర్రగా కాల్చి, పిమ్మట ఇంజనును త్రిప్పవలెను. గాలిని అది నొక్కేది మూడు నాలుగు రెట్లు మాత్రమే. పీడనం తక్కువ కనుక అతుకుల మీద ఒత్తిడీ తక్కువ. కాని రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజను దారి వేరు. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కి నూనెను మండిస్తుంది. సైకిలు పంపు అడుగు చేతికి వెచ్చగా తగలడం విద్యార్థులకు తెలిసినదే గదా. 1929లో లిస్టర్ కంపెనీ తెచ్చిన ఒంటి సిలిండరు ఇంజను గాలిని పదిహేను రెట్లకు పైగా నొక్కుతుంది. రాజకోట కర్మాగారాలు తరువాత ఆ నమూనానే పోతపోసి దేశమంతటా అమ్మినాయి. 1946లో పూనా దగ్గర కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వెలసినది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఆ లిస్టర్ ఇంజను సిలిండరు వ్యాసం నాలుగున్నర అంగుళాలు, అనగా 11.4 సెంటీమీటర్లు. వైశాల్యం సుమారు 102 చదరపు సెంటీమీటర్లు. నూనె మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు 50 కిలోగ్రాముల పీడనం పుట్టిందనుకొంటే, హెడ్డును పైకి తన్నే బలం ఐదు టన్నులు దాటుతుంది. నిమిషానికి 650 చుట్లు తిరిగితే ఇటువంటి తాపులు 325. హెడ్డుకూ సిలిండరుకూ నడుమ ఇరుకున పడి, లోపలి నిప్పును బయటికి, చుట్టూ ఉన్న నీటిని లోపలికి పోనీయకుండా ఆపేది పలుచని గ్యాస్కెట్టు ఒక్కటే.

దీనిని కొన్ని ఇంజన్లకు వట్టి రాగి రేకుతో చేసేవారు. నొక్కుడుపడిన రాగి గట్టిపడి, మళ్ళీ అతుకులో ఒదగదు. దానిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే మెత్తబడుతుంది. ఉక్కును కాల్చి ముంచితే గట్టిపడుతుందని ఎరిగిన కమ్మరికి ఇది వింతగా తోచవచ్చును. ఉపాధ్యాయులు తరగతిలో రెండు లోహాలతోనూ చేసి చూపవచ్చును. ఆ కాలపు రైతు ఈ పనిని కొలిమి దగ్గరే ముగించుకొనగలడు. తరువాత రాగి పొరల నడుమ రాతినార కూర్చిన గ్యాస్కెట్టు వాడుకలోకి వచ్చినది. (ఆ రాతినార మన పొరుగున పులివెందుల ప్రాంతపు రాళ్ళలోనూ దొరుకుతుంది.) ఇది ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు. దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు తెస్తుందని నేడు నిశ్చయంగా తెలుసు. పాత ఇంజను విప్పినప్పుడు అతుక్కొన్న ముక్కలను పొడిగా గీకరాదు, నోటితో ఊదరాదు, తడిపి తీయవలెను.

గ్యాస్కెట్టు ఊరకే ఎందుకు కాలుతుంది? మన బావుల వద్ద దీనికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. పంపు తోడిన నీటిలో కొంత సన్నని గొట్టం గుండా ఇంజను చుట్టూ తిరిగి దానిని చల్లబరచే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. ఎండాకాలంలో బావి అడుగంటుతుంది, పంపు నీటికి బదులు గాలి పీలుస్తుంది, ఇంజనుకు నీరందదు. అది మాత్రం తిరుగుతూనే ఉంటుంది! హెడ్డు కాగి వంకరపోతుంది, గ్యాస్కెట్టు పేలుతుంది. అనగా పైరుకు నీరు అత్యవసరమైన వారంలోనే ఇంజను మొరాయిస్తుంది. పట్టణం నుండి మెకానిక్కు వచ్చేలోగా మడి నెర్రెలిస్తుంది. కూలి, రానుపోను ఖర్చు వేరే. రైతు తానే రెంచి పట్టడంలో ఆశ్చర్యమేమున్నది?

అటువంటి రైతును తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. కాని ముందు ఏ అతుకు కారుతున్నదో చూడవలెను. పంపు గొట్టపు అంచులదో, వాల్వుల మూతదో అయితే మందపాటి కాగితమో, ప్యాకింగు షీటో కత్తిరించి ఇంటి దగ్గర వేసుకోవచ్చును. అక్కడ పీడనం తక్కువ. హెడ్డు అంచున సబ్బునీరు పూస్తే బుడగలు లేచినా, చల్లబరచే నీటిలో బుడగలు వస్తున్నా, ఇంజను నూనె మజ్జిగవలె తెల్లబడినా దోషం లోపల ఉన్నది. హెడ్డు వంకరపోకుండా ఉంటే కొత్త గ్యాస్కెట్టు చాలును. సరళమైన ఉక్కు పట్టీని అడ్డంగా పెట్టి క్రింద వెలుగు కనబడుతుందేమో చూస్తే తెలుస్తుంది. వెలుగు కనబడితే గ్యాస్కెట్టు ఎన్ని మార్చినా నిలువదు. హెడ్డును లేతు పని తెలిసినవాడు చదును చేయవలసిందే. కొందరు రెండు గ్యాస్కెట్లు ఒకదానిపై నొకటి వేసి సరిపెడతారు. అప్పుడు పిస్టను పైన జాగా పెరిగి, గాలి చాలినంత నొక్కుడుపడక ఇంజను అంటుకోదు. పలుచనిది వేస్తే పిస్టను హెడ్డుకు తగలవచ్చును. ఆ సందును సీసపు తీగ పెట్టి నలిపి కొలిచే నేర్పు ఉన్న మెకానిక్కుకు ఇచ్చిన కూలి దండుగ కాదు.

మెకానిక్కు బిగించిన ఇంజను మరల కాగకుండా చూడడం మాత్రం బావిగట్టు మీది పని. నీరు ఎంత లోతుకు దిగితే ఇంజను ఆపాలో గొట్టానికి గుర్తు కట్టుకోవలెను. నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, ఇంజను కొన్ని గంటలు నడిచి చల్లారిన తరువాత మరొకసారి సరిచూడవలెను. ఆ రెండవ బిగింపుకు పట్టణం నుండి ఎవ్వరూ తిరిగి రారు.