పూర్ నైట్స్ దీవుల సముద్ర రక్షిత ప్రాంతం

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపపు తూర్పు తీరంలో, టుటుకాకా రేవుకు 20 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న చిన్న దీవుల గుంపు పూర్ నైట్స్. తఫితి రాహి, ఆవోరంగి వీటిలో పెద్దవి. స్కూబా డైవర్లలో ఈ నీటికి ప్రపంచఖ్యాతి ఉంది. అయితే ఇక్కడ చేపల వేట పూర్తిగా ఆగింది 1998లో మాత్రమే.

ఈ దీవులు దాదాపు కోటి ఏళ్ల నాటి అగ్నిపర్వతాల శేషాలు. అలలు తొలిచి తొలిచి ఈ రాళ్లలో గుహలు, కమానులు, సొరంగాలు ఏర్పడ్డాయి. కొండచరియలు నీటి అడుగునా అంతే నిటారుగా దిగి, కొన్నిచోట్ల 100 మీటర్ల లోతుకు చేరతాయి. రికోరికో గుహ ప్రపంచంలోని అతిపెద్ద సముద్ర గుహల్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ జలాంతర్గామి ఒకటి ఇందులో తలదాచుకుందని అక్కడ కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ రుజువు లేదు.

ఇక్కడి జీవవైవిధ్యానికి అసలు కారణం తూర్పు ఆక్లండ్ ప్రవాహం. ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చే ఈ వెచ్చని నీటితో పాటు ఉపఉష్ణమండల చేపల పిల్లలు కొట్టుకువచ్చి దీవుల చుట్టూ స్థిరపడతాయి. అందుకే చల్లటి నీటిలో పెరిగే కెల్ప్ నాచు పక్కనే, న్యూజిలాండ్‌లో మరెక్కడా తేలిగ్గా కనబడని చేపలు తిరుగుతుంటాయి. పెద్ద నదులేవీ దగ్గర్లో లేవు కాబట్టి బురద తక్కువ. నీరు తేటగా ఉన్న రోజున 20, 30 మీటర్ల దూరం కనిపిస్తుంది.

ఒకప్పుడు ఇక్కడ ఙాతివై తెగకు చెందిన మావోరీలు సేద్యం చేసుకుంటూ బతికేవారు. 1820ల ప్రాంతంలో నాయకుడు తాటువా యోధులతో దండయాత్రకు వెళ్లి ఉండగా, శత్రువులు వచ్చి ఊచకోత కోశారు. తిరిగి వచ్చిన తాటువా మిగిలిన కొద్దిమందితో దీవులను విడిచి, వాటిని తపుగా, అంటే అడుగు పెట్టరాని చోటుగా ప్రకటించాడు. వెనక మిగిలిన పందులు ఆవోరంగిని దున్నేశాయి. 1936లో వాటిని నిర్మూలించాకే అక్కడ బుల్లర్ షియర్‌వాటర్ పక్షుల గూళ్లు మళ్లీ పెరిగాయి. నేటికీ అనుమతి లేనిదే దీవుల మీద దిగకూడదు. డైవర్లు టీ తాగినా, ఎండకు ఆరబెట్టుకున్నా పడవ మీదే.

1943లో కూస్తో, గన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్ తర్వాతి దశాబ్దాల్లో న్యూజిలాండ్‌కూ చేరింది. తొలితరం డైవర్లలో చాలామంది బల్లెంతో చేపలు పొడిచేవారే. కొందరు క్రమంగా బల్లెం వదిలి కెమెరా పట్టారు. వారిలో వేడ్ డోక్ ముఖ్యుడు. పూర్ నైట్స్ నీటి అడుగు జీవితాన్ని ఏళ్ల తరబడి గమనించి పుస్తకాలుగా రాశాడు. కూస్తో ఈ చోటును ప్రపంచంలోని పది మేటి డైవింగ్ స్థలాల్లో ఒకటిగా ఎంచాడని పర్యాటక ప్రకటనలు చెబుతాయి. ఎప్పుడు, ఎక్కడ అన్నాడో మాత్రం సాధారణంగా చెప్పవు. నిజానికి డోక్ వంటి వారి ఓపికే ఈ దీవులకు ఎక్కువ మేలు చేసింది.

1971లో న్యూజిలాండ్ సముద్ర రక్షిత ప్రాంతాల చట్టం చేసింది. దాని కింద తొలి రక్షిత ప్రాంతం 1975లో లీ అనే ఊరి దగ్గర, రెండోది 1981లో పూర్ నైట్స్ వద్ద వచ్చాయి. హద్దు దీవుల చుట్టూ 800 మీటర్లు. కానీ అది సగం రక్షణే: కొద్ది భాగంలో తప్ప మిగతా చోట్ల కొన్ని షరతులతో సరదా గాలం వేటను అనుమతించారు. 1998 అక్టోబరు 1 నుంచి అన్ని రకాల వేటా నిషిద్ధమైంది. తర్వాత కొన్నేళ్లకే స్నాపర్ చేపల సంఖ్య కొన్ని రెట్లు పెరిగిందని పరిశోధకులు లెక్కించారు. పదిహేడేళ్ల సగం రక్షణ ఇవ్వలేని ఫలితం అది.

ఇప్పుడు డైవర్లు ఎక్కువగా వెతుక్కునే చోట్లలో బ్లూ మావోమావో కమాను ఒకటి. నీలిరంగు చేపలు గుంపులుగా దాని కింద నిలిచి ఉంటాయి. ఉత్తర కమాను దగ్గర వేసవిలో టేకు చేపలు పెద్ద సంఖ్యలో చేరతాయి. 1999లో టుయి, 2000లో వైకాటో అనే నౌకాదళ ఓడలను టుటుకాకా తీరంలో కావాలనే ముంచారు. అవి రక్షిత ప్రాంతానికి బయట ఉన్నా, ఈ డైవర్లకే అదనపు ఆకర్షణ.

వేట ఆగినా బెడద ఆగలేదు. పొడవాటి ముళ్ల సీ అర్చిన్‌లు ఈ శతాబ్దంలో బాగా పెరిగి, రాళ్ల మీది నాచును మేసి బోడి చేస్తున్నాయి. వెచ్చబడే నీరు వాటికి అనుకూలం. ఉపఉష్ణమండల చేపలను తెచ్చిపెట్టిన ప్రవాహానికి 800 మీటర్ల హద్దుతో పని లేదు.