ఓరుగల్లు కల్లు: నేల, కాలం, చరిత్ర

పూర్వపు వరంగల్ (ఓరుగల్లు) జిల్లాలో తాటి, ఈత చెట్ల నుంచి గీసే కల్లు తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఉన్న పానీయం. 2016, 2019 విభజనల తర్వాత ఈ ప్రాంతం వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాలుగా ఉంది.

కల్లు స్వభావమంతా ఒక్క గుణంలో ఉంది: అది నిల్వ ఉండదు. స్పెయిన్‌లో ఎబ్రో నది వెంట ఉన్న రియోహా సీమలో ద్రాక్షసారాను ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. అందుకే అది సముద్రాలు దాటింది, 1925లోనే ప్రాంతం పేరుతో అధికారిక గుర్తింపు పొందింది. కల్లు అలా కాదు. చెట్టు మీద లొట్టిలో (కల్లు కుండలో) ఉండగానే గాలిలోని ఈస్టు, బ్యాక్టీరియా చక్కెరను పులియబెట్టడం మొదలుపెడతాయి. పొద్దున తియ్యగా ఉన్నది పొద్దుగూకేసరికి పులుపెక్కుతుంది, మర్నాటికి తాగడానికి పనికిరాదు. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులియడం ఆగి, మత్తులేని నీరా దొరుకుతుంది.

ఈ సీమ దక్కన్ పీఠభూమి మీద, చాలా చోట్ల సముద్రమట్టానికి సుమారు 250 నుంచి 300 మీటర్ల ఎత్తున ఉంది. కింద గ్రానైట్ రాయి, పైన ఎర్రటి చల్క నేల, పల్లాల్లో నల్లరేగడి. వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో వస్తుంది. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇంత ఎండనూ వానలేని నెలలనూ లోతుగా దిగిన వేళ్లతో తట్టుకునేది తాడిచెట్టు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల చెరువులున్న ఈ నేలలో పొలం గట్లూ చెరువు కట్టలూ తాళ్లకు నెలవయ్యాయి. ఈతచెట్లు వాగుల ఒడ్డున, తడి ఉన్న పల్లాల్లో గుంపులుగా పెరుగుతాయి.

తాటిచెట్టు గీతకు రావడానికి పన్నెండేళ్లకు పైగా పడుతుంది. తాటికి గెల కొసను రోజూ సన్నగా చెక్కుతారు. ఈతకు మొవ్వు దగ్గర మాను మీద గాటు పెడతారు, ఏడాదికో వైపు మారుస్తారు. ఆ గాట్ల వరుస చూసి చెట్టు వయసు అంచనా కట్టొచ్చు. ఈత కల్లు చలికాలంలో తియ్యగా ఉంటుంది. తాళ్లను పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని గీత కార్మికులు విడదీసి చెప్తారు. ఒక్కోదానికి ఒక్కో అదను, ఒక్కో రుచి. మోకు, ముత్తాదు బిగించి, నడుముకు కత్తి, లొట్టి కట్టుకుని చెట్టెక్కే ఈ పనిలో ప్రాణాపాయం ప్రతి రోజూ ఉంటుంది. అందుకే ఎక్కే ముందు కాటమయ్య దేవుణ్ణి తలుచుకుంటారు. కల్లుగీత కులమైన గౌడుల ఇలవేల్పు రేణుకా ఎల్లమ్మ.

ఈ వృత్తి నుంచే సర్వాయి పాపన్న వచ్చాడు. ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపురంలో కోట కట్టుకుని, మొగలు పాలన సడలుతున్న వేళ తిరగబడ్డాడు. 1708 ముహర్రం రోజుల్లో వరంగల్ కోటపై దాడిచేసి పట్టణాన్ని దోచాడు. తర్వాత భువనగిరి మీదికి వెళ్లాడు. 1709లో మొగలు చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు కానుకలిచ్చి దర్బారు మర్యాద పొందాడు. అది నిలవలేదు, 1710లో పట్టుకుని చంపారు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ అతణ్ణి దోపిడీదారుగానే రాశాడు. జానపద గాథలో మాత్రం చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల వాళ్లు అతని అనుచరులు. ఒక కల్లుగీత కులస్థుడి వెనుక ఇన్ని వృత్తులవాళ్లు నడవడమే ఆ తిరుగుబాటులో చరిత్ర పట్టించుకోవలసిన విషయం.

కల్లు నిల్వ ఉండని సరుకు గనక పన్ను కుండ మీద కాక చెట్టు మీద పడింది. నిజాం రాజ్యంలో భూమిశిస్తు తర్వాత పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటి. చెట్టుకు రకం (పన్ను), గుత్తేదారుకు హక్కు, గీసేవాడికి కూలి. అందుకే 1947లో నిజాం పాలనను ఎదిరించిన సత్యాగ్రహులు నిజాం ఖజానాను దెబ్బతీయడానికి ఈతచెట్లు నరికారు. స్వాతంత్ర్యం తర్వాత గీత సహకార సంఘాలు వచ్చాయి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఊళ్లో చెట్టు కింద తాగే కల్లును పట్నానికి తేవాలన్న ఆశతోనే కల్తీ పెరిగింది. చెట్టు ఇచ్చే దానికంటే అమ్మకం ఎక్కువైన చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం, డైజోపాం కలుపుతున్నారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దానికి ఓరుగల్లు చల్క నేలతోగానీ తాడిచెట్టుతోగానీ ఏ సంబంధమూ లేదు. అసలు కల్లు నిలవాలంటే చెరువు కట్టల మీద తాళ్లను నరకనివ్వకుండా, కొత్త మొక్కలు నాటి, నీరాకు గిట్టుబాటు ధర చూపాలి. ఇప్పుడు నాటిన తాటి మొక్క గీతకు రావడానికి మరో పన్నెండేళ్లయినా పడుతుంది గనక ఆ పని ఈ వానాకాలమే మొదలుకావాలి.