నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులకు కళాశాల ప్రవేశాలు: స్థానికత, పరీక్షలు, ధ్రువపత్రాలు

పదవ తరగతి, ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థికి కోరిన కళాశాలలో సీటు లభించుటకు మంచి ర్యాంకు ఒక్కటే చాలదు. తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ వరకు ఎక్కడ చదివినాడన్నది కూడా అంతే ముఖ్యం. పిల్లలను ఇతర ప్రాంతాల వసతి కళాశాలలకు పంపు తల్లిదండ్రులు ఈ సంగతిని ముందుగానే గమనించవలసి ఉన్నది.

స్థానికత నిర్ణయం

రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో జారీ అయిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం విద్యాసంస్థలలో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయింపబడినవి. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో గలవు. పూర్వపు కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఈ ప్రాంతం కిందికి వచ్చును. మిగిలిన కోస్తా జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతానికి చెందును. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడినను ఈ విభజన మారలేదు.

అర్హత పరీక్ష వ్రాసిన సంవత్సరంతో ముగియు నాలుగు విద్యాసంవత్సరాలు వరుసగా ఒకే ప్రాంతంలో చదివినవారు ఆ ప్రాంతపు స్థానికులగుదురు. అట్లు కానియెడల చివరి ఏడు సంవత్సరాలలో ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో చదివినారో పరిశీలింతురు.

ఉదాహరణకు, ఆళ్లగడ్డలో 6 నుండి 10వ తరగతి వరకు చదివి, విజయవాడలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థి ఏడింటిలో ఐదు సంవత్సరాలు ఇక్కడనే చదివినందున శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతపు స్థానికుడే అగును. అదే విద్యార్థి 9వ తరగతి నుండే విజయవాడలో చదివినచో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతపు స్థానికుడగును. అప్పుడు సొంత ఊరి చెంతనున్న నంద్యాల కళాశాలలో సైతం స్థానికేతరుడై, స్థానికులకు ప్రత్యేకింపని 15 శాతం సీట్లకే పోటీపడవలసి వచ్చును. 9వ తరగతి నుండి హైదరాబాదులో చదివినవారు ఆంధ్రప్రదేశ్‌లో స్థానికేతరులగుదురు. రాష్ట్ర విభజన చట్టం ప్రకారం కొనసాగిన పదేండ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2న ముగిసినందున అట్టివారు ఉభయ రాష్ట్రాల నిబంధనలను పరిశీలించుకొనవలెను.

పదవ తరగతి తరువాత

పాలిటెక్నిక్ డిప్లొమా కోర్సులకు 120 మార్కుల పాలిసెట్ వ్రాయవలెను. నంద్యాలలో ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల ఉన్నది. డిప్లొమా ఉత్తీర్ణులు ఈసెట్ ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చును. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆరేండ్ల సమీకృత కోర్సుకు పదవ తరగతి మార్కుల ప్రతిభ ఆధారంగా ప్రవేశాలు జరుగును. వసతి లేని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ఇందులో 4 శాతం అదనపు స్కోరు కలుపుదురు. గురుకుల జూనియర్ కళాశాలలకు ఏపీఆర్‌జేసీ పరీక్ష కలదు.

ఇంటర్మీడియట్ తరువాత

పూర్వం ఎంసెట్‌గా వ్యవహరించిన పరీక్ష 2021 నుండి ఈఏపీసెట్‌గా మారినది. ఇందులో 160 ప్రశ్నలుండును. తప్పు జవాబులకు మార్కుల కోత లేదు. ర్యాంకు నిర్ణయంలో ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్మీడియట్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్నందున ఇంటర్మీడియట్ మార్కులను తేలికగా తీసుకొనరాదు. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా కింద, 30 శాతం యాజమాన్య కోటా కింద భర్తీ అగును.

బైపీసీ విద్యార్థులకు మహానందిలో వ్యవసాయ కళాశాల అందుబాటులో ఉన్నది. ఎం.బి.బి.ఎస్. ప్రవేశాలు నీట్ ద్వారా మాత్రమే జరుగును. నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరు 15న 150 సీట్లతో ప్రారంభమైనది. డిగ్రీ కళాశాలలలో ప్రవేశాలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకొనవలెను.

శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డలో వారసత్వంగా ఉలి పట్టిన కుటుంబాల పిల్లలు ఆ విద్యలోనే పట్టా పొందు అవకాశం కూడా ఉన్నది. కడపలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం శిల్పకళలో బి.ఎఫ్.ఏ. కోర్సును నిర్వహించుచున్నది.

సిద్ధం చేసుకొనవలసిన పత్రాలు

1. ఆరవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు స్టడీ సర్టిఫికెట్లు. స్థానికతకు ఇవియే ఆధారం. పాఠశాల మారిన వెంటనే తీసుకొనుట మేలు.
2. పదవ తరగతి, ఇంటర్మీడియట్ మార్కుల జాబితాలు, బదిలీ ధ్రువపత్రం.
3. కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా కోరువారు ఆ ధ్రువపత్రం చెల్లుబాటు కాలాన్ని సరిచూచుకొనవలెను.
4. దివ్యాంగులు, మాజీ సైనికుల పిల్లలు, ఎన్.సి.సి., క్రీడల కోటా అభ్యర్థులు సంబంధిత పత్రాలు.

వెబ్ ఆప్షన్ల నమోదులో జాగ్రత్తలు

కేటాయింపు అభ్యర్థి ఇచ్చిన వరుస క్రమంలోనే జరుగును గనుక అన్నింటికంటె ఎక్కువగా కోరుకొన్న కళాశాలను, కోర్సును మొదటి స్థానంలో ఉంచవలెను. తక్కువ ఆప్షన్లు ఇచ్చినవారికి ర్యాంకు ఉన్నను సీటు దక్కక పోవచ్చును. పాస్‌వర్డ్, ఓటీపీలను మధ్యవర్తులకు గాని, కళాశాలల ప్రతినిధులకు గాని ఇవ్వరాదు. ఇంటర్నెట్ కేంద్రంలో నమోదు చేయించినచో ముద్రిత ప్రతిని తీసుకొని ప్రతి ఆప్షన్‌ను స్వయంగా సరిచూచుకొనవలెను. సీటు వచ్చిన పిదప గడువులోగా ఆన్‌లైన్‌లోను, కళాశాలలోను రిపోర్టు చేయనియెడల కేటాయింపు రద్దగును.

ప్రధానోపాధ్యాయులు ఎనిమిదవ తరగతి తల్లిదండ్రుల సమావేశంలోనే స్థానికత నిబంధనను వివరించినచో, తరువాత సవరించుకొనుటకు వీలులేని నష్టాన్ని చాలవరకు నివారింపవచ్చును.